ఏ దేవుడిదీ కాని సోమవారం

"రేపు నాకు సెలవమ్మా," అన్నాను ఫోన్లో. ఇంగ్లండు వచ్చిన ఏడాది, ఆగస్టు ఆఖరి ఆదివారం.

"ఏం పండగే?" అంది అమ్మ తెనాలి నుంచి.

"పండగేం లేదు. బ్యాంక్ హాలిడే."

"నువ్వు చేసేది బ్యాంకులో కాదుగా?"

"కాదు. అయినా అందరికీ సెలవే."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "పోనీ తలంటు పోసుకో," అంది. కారణం లేని సెలవును ఊరికే వదిలెయ్యడానికి ఆవిడకు మనసొప్పలేదు.

నాకూ అంతే. మాది సెలవుల జాబితాతో సంవత్సరం మొదలయ్యే ఇల్లు. నాన్న తాలూకాఫీసులో గుమస్తా. వచ్చే ఏడాది సెలవుల జీవో పేపర్లో పడగానే ఆ ముక్క కత్తిరించి, ఎర్ర పెన్ను తీసి, ఆదివారాల్లో పడ్డవాటిని ముందు కొట్టేసేవారు. శ్రీరామనవమిని ఆదివారం మింగేసిందంటే ఆ పూటంతా దిగులే. పోయింది పోయిందే, మర్నాడు ఇవ్వరు. ఆ జాబితాలో ప్రతి సెలవుకూ ఒక యజమాని ఉండేవాడు. దేవుడో, ప్రవక్తో, దేశనాయకుడో. ఐచ్ఛిక సెలవులకూ ఉండేవాడు, కాకపోతే కాస్త చిన్న యజమాని.

రెడింగ్‌లో నాకు దొరికిన ఉద్యోగం కూడా చివరికి సెలవుల జాబితా దగ్గరికే తెచ్చింది. చిన్న చిన్న సంస్థలకు జీతాల లెక్కలు చేసిపెట్టే ఆఫీసు మాది. కేర్ హోమ్‌లు, పిల్లల నర్సరీలు, రెండు బేకరీలు. ఎవరికి ఎన్ని లీవులు మిగిలాయి, బ్యాంకులు మూసే రోజున జీతం పడాల్సొస్తే ముందు రోజే ఎలా వెయ్యాలి, ఇదే పని పదిహేనేళ్ళుగా. బ్రిటిషువాళ్ళ పండగల గురించి నాకున్న అభిప్రాయాలన్నీ ఆ కుర్చీలోంచి చూసి ఏర్పడినవే. క్రిస్మస్ చెట్టు దగ్గర నిలబడి చూసినవాళ్ళకు వేరేలా కనిపించవచ్చు.

ఇంగ్లండు, వేల్స్‌లలో ఏడాదికి ఎనిమిది బ్యాంక్ హాలిడేలు. స్కాట్లండులో తొమ్మిది, ఉత్తర ఐర్లండులో పది. మా ఎనిమిదిలో జనవరి 1, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, దాని మర్నాడొచ్చే బాక్సింగ్ డే పక్కన పెడితే మిగిలిన నాలుగూ సోమవారాలే. ఈస్టర్ మర్నాడు ఒకటి, మేలో మొదటిదీ ఆఖరిదీ, ఆగస్టులో ఆఖరిది. క్రిస్మసో కొత్త సంవత్సరమో శని, ఆదివారాల్లో పడితే తర్వాతి పనిరోజున బదులు సెలవిస్తారు. ఈ సంగతి చెప్తే నాన్న ఎర్ర పెన్ను పక్కన పెట్టి, "అంత మంచివాళ్ళయితే మనల్ని అన్నేళ్ళు ఎందుకు ఏలారే?" అన్నారు.

ఆ సోమవారాలను ఇక్కడివాళ్ళే వెక్కిరిస్తారు. వాన, కార్ల బారులు, సోఫాల మీద సగం ధర ప్రకటనలు, ఇదే బ్యాంక్ హాలిడే అంటారు. ఏటా ఎవరో ఒకరు లేచి, వీటికో అర్థం ఉండొద్దా, ఒకటి తీసుకెళ్ళి ఇంగ్లండు రక్షకుడు సెయింట్ జార్జికి ఇద్దాం, ఇంకొకటి నెల్సన్ గెలిచిన ట్రఫాల్గర్ యుద్ధానికి ఇద్దాం అంటారు. 2011లో అప్పటి ప్రభుత్వమే మే డే సెలవును అక్టోబరుకో, ఏప్రిల్ 23న వచ్చే సెయింట్ జార్జి రోజుకో మార్చే ఆలోచన బయటపెట్టింది. 2017 ఎన్నికల్లో లేబర్ పార్టీ నాలుగు దేశాల నలుగురు రక్షక సెయింట్లకూ తలా ఒక సెలవు ఇస్తానంది. ఏదీ జరగలేదు. జరగకపోవడమే మంచిదయిందని నా వాదన. ఆ సోమవారాల ఖాళీయే వాటి సుగుణం.

ఆ పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. 1871లో ఈ చట్టం తెచ్చిన సర్ జాన్ లబ్బక్ నిజంగానే బ్యాంకరు. పార్లమెంటు సభ్యుడు, పైగా చీమల మీద పరిశోధకుడు, కెంట్‌లో డార్విన్‌కి పొరుగువాడు. పాత రాతియుగం, కొత్త రాతియుగం అని మనం బడిలో చదువుకున్న విభజనకు ఇంగ్లీషు పేర్లు పెట్టింది ఆయనే. చీమలకు సారా పట్టించి, తూలుతున్న చీమను సొంత పుట్టవాళ్ళు గుర్తుపట్టి మోసుకెళ్తారా లేదా అని చూశాడు. ఎక్కువగా మోసుకెళ్ళాయి, పరాయి పుట్టవాటిని నీళ్ళలో పడేశాయి. పని తప్ప వేరే ధ్యాస లేని చీమలను ఏళ్ళ తరబడి చూసినాయన మనుషులకు సెలవు కావాలనుకోవడం నాకు తమాషాగా ఉంటుంది.

అంతకుముందు బ్యాంకులకు సెలవులు లేక కాదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఏటా ముప్పైకి పైగా సెయింట్ల రోజుల్లో మూసేసేది. 1834లో వాటిని నాలుగుకు కుదించారు. లబ్బక్ చట్టం ఈస్టర్ సోమవారం, పెంతెకొస్తు తర్వాత వచ్చే విట్ సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, డిసెంబరు 26, ఈ నాలుగింటికి బ్యాంక్ హాలిడే అని పేరు పెట్టింది. మొదటి ఆగస్టు సెలవు 1871 ఆగస్టు 7న వచ్చింది. జనం దానికి సెయింట్ లబ్బక్ రోజు అని పేరు పెట్టేశారు, సెయింట్ల జాబితాలో ఒక బ్యాంకరు చేరాడని.

మరి "జాతీయ సెలవు" అనకుండా "బ్యాంకు" ఎందుకు? జవాబు ప్రోనోటులో ఉంది. అప్పు వాయిదా సెలవు రోజున పడితే డబ్బు ఎప్పుడు కట్టాలి? అక్కడ పాత ఆచారం ప్రకారం ఆదివారమో, గుడ్ ఫ్రైడేనో, క్రిస్మసో అయితే ముందురోజే కట్టాలి. 1871 చట్టం ఈ కొత్త రోజులకు మాత్రం మర్నాడు కడితే చాలంది. అంటే బ్యాంక్ హాలిడే అనేది చట్టంలో విడి జాతి. దాని పుట్టుమచ్చ అప్పులవాడికి దొరికిన ఒక్కరోజు ఊపిరి.

మనకూ ఇందులో చుట్టరికం ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వాలు ఇప్పటికీ బ్యాంకులకు సెలవు ప్రకటించేది బ్రిటిషువాళ్ళు 1881లో రాసిపెట్టిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కిందే. తెనాలి బ్యాంకులో ఎవరినైనా అడగండి, "ఎన్.ఐ. యాక్టు కింద సెలవు" అంటారు. అందులో 25వ సెక్షను ప్రకారం వాయిదా రోజు సెలవైతే అంతకుముందు పనిరోజునే కట్టాలి. లండన్‌లో అప్పులవాడికి మర్నాటిదాకా గడువిచ్చినవాళ్ళు, పదేళ్ళ తర్వాత మన దగ్గర ఒకరోజు ముందే పట్టుకొమ్మన్నారు. నాన్న ప్రశ్నకు జవాబు ఇక్కడెక్కడో ఉన్నట్టుంది.

సరే, ఆ నాలుగులో రెండింటికి మొదట్లో దేవుడి వాసన ఉండేది. విట్ సోమవారం చర్చి పండగ మర్నాడు. ఉత్తర ఇంగ్లండు ఊళ్ళలో పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని, జెండాలు పట్టుకుని ఊరేగేవాళ్ళు. ఈస్టర్ తేదీ కదిలినప్పుడల్లా అదీ కదిలేది. ఈ కదలడం ఇబ్బందిగా ఉందని దాన్ని మే ఆఖరి సోమవారానికి కట్టేశారు. 1971 చట్టంతో అది ఖాయమైంది, ఆగస్టు సెలవు కూడా నెల మొదటినుంచి చివరికి జరిగింది. ఇప్పుడు మే ఆఖరి సోమవారం పెంతెకొస్తును తలచుకునేవాళ్ళు మా ఆఫీసులో ఒక్కరు కూడా లేరు. గ్లాస్టర్ దగ్గర కూపర్స్ హిల్ అనే నిట్టనిలువు గుట్ట మీంచి జున్నుచక్రం దొర్లించి, దాని వెనకాల కుర్రాళ్ళు కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకుంటూ దొర్లే పందెం మాత్రం ఒకప్పుడు విట్ సోమవారం జరిగేది, ఇప్పుడూ ఆ బదులు సోమవారమే జరుగుతుంది. దేవుడు వెళ్ళిపోయాడు, జున్ను ఉండిపోయింది.

మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దావిడది లాంకషైర్. ఆవిడ నోట నేను "వేక్స్" అనే మాట విన్నాను. మొదట్లో అది ఊరి చర్చి ఏ సెయింటు పేర వెలిసిందో ఆ సెయింటు జాగరణ. అచ్చం మన గ్రామదేవత తిరునాళ్ళు. మిల్లులొచ్చాక, ఎటూ పనివాళ్ళు ఆ రోజుల్లో రారని తెలిసి, యజమానులు వారమంతా మిల్లు మూసెయ్యడం మొదలుపెట్టారు. ఊరికొక వారం చొప్పున వంతు. ఆ వారం ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి వెళ్ళిపోయేది. "వీధిలో ఎవరుండేవాళ్ళో బ్లాక్‌పూల్‌లో పక్కగదిలోనూ వాళ్ళే," అనేది ఆవిడ. సెయింటు పేరు అడిగితే ఆవిడకు తెలియదు. వాళ్ళమ్మకూ తెలియదట. మిల్లులు పోయాక ఆ వారాలూ పోయాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడేది నవంబరు 5. 1605లో ఆ ముందురాత్రి పార్లమెంటు కింద నేలమాళిగలో 36 పీపాల మందుగుండుతో గై ఫాక్స్ దొరికిపోయాడు. రాజు బతికాడని ఏటా చర్చిలో కృతజ్ఞత చెప్పుకోవాలని పార్లమెంటు చట్టమే చేసింది. ఆ చట్టాన్ని 1859లో రద్దుచేశారు. ఇవాళ నవంబరు 5న సెలవు లేదు, ఆఫీసు ఉంటుంది, బడి ఉంటుంది. అయినా చీకటి పడేసరికి ప్రతి ఊరి మైదానంలో మంట. ఒకప్పుడు పిల్లలు పాతబట్టల్లో గడ్డి కూరి గై బొమ్మ చేసి, దాన్ని వీధిలో కూర్చోబెట్టి చిల్లర అడిగేవాళ్ళు. భోగిమంటకు మేం ఇళ్ళెంట తిరిగి విరిగిన కుర్చీలూ పాత తట్టలూ పోగుచేసినట్టే. లూయిస్ అనే ఊళ్ళో ఆ రాత్రి కాగడాల ఊరేగింపు చూశాను. ఇరుకు వీధులు, మండుతున్న తారు పీపాలు లాక్కెళ్ళే మనుషులు, ముఖాలకు మసి. మెత్తగా మాట్లాడే ఇంగ్లీషువాళ్ళు వీళ్ళేనా అనిపించింది. మర్నాడు పొద్దున తొమ్మిదికి అందరూ పనికెళ్ళారు, జుట్టులో పొగ వాసనతో.

లెంటు, అంటే ఈస్టర్‌కు ముందొచ్చే ఉపవాసాల కాలం, మొదలయ్యే ముందు మంగళవారం దేశమంతా పెనం మీద పాన్‌కేకులు తిరగేస్తుంది. ఓల్నీ అనే ఊళ్ళో ఆడవాళ్ళు పెనంతో సహా పరుగు పందెం పెట్టుకుంటారు. దానికీ సెలవు లేదు. జనవరి 25న స్కాట్లండువాళ్ళు తమ కవి రాబర్ట్ బర్న్స్ పేరున హాగిస్ అనే మాంసం వంటకం కోసి విస్కీ పోసుకుంటారు. దానికీ లేదు. స్కాట్లండు సంగతి ఇంకా విచిత్రం. అక్కడి సంస్కరణ చర్చికి క్రిస్మస్ అంటే పడదు, 1958 దాకా అది అక్కడ సాధారణ సెలవు కానేకాదు. వాళ్ళ ఉత్సాహమంతా డిసెంబరు 31 రాత్రి హాగ్మనే మీద. అది దిగడానికి జనవరి 2 కూడా సెలవిచ్చారు.

చెప్పొచ్చేదేమిటంటే, ఈ దేశంలో పండగ ఒక దారిన, సెలవు ఒక దారిన వెళ్ళిపోయాయి. క్రిస్మస్ ఒక్కదానిలోనే రెండూ గట్టిగా కలిసి ఉన్నాయి. ఆ రోజు నా మొదటి అనుభవం ఆకలి. ముందురోజు సాయంత్రం సరుకులు తెచ్చుకోవాలని ఎవరూ చెప్పలేదు. రైళ్ళు లేవు, లండన్‌లో భూగర్భ రైలు కూడా ఉండదు. పెద్ద దుకాణాలు ఆ రోజు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. సంక్రాంతి నాడు కూడా మా వీధి చివర టీ కొట్టు తెరిచి ఉండేది కదా అన్న ధైర్యంతో బయల్దేరి, మూడు మైళ్ళు నడిచి, ఒక్క మనిషి ఎదురుపడకుండా తిరిగొచ్చి ఆవకాయన్నం తిన్నాను. పండగంటే వీధి అనుకునే ఊరినుంచి వచ్చాను. వీళ్ళ పండగ తలుపు వేసుకున్నాక మొదలవుతుందని, లోపల కాగితపు కిరీటాలు పెట్టుకుని మూడింటికి రాణిగారి ప్రసంగం చూస్తూ తింటున్నారని మరుసటేడు ఒకరింటికి భోజనానికి పిలిస్తేగానీ తెలియలేదు. మర్నాటి బాక్సింగ్ డే పుట్టుక మాత్రం వెంటనే అర్థమైంది. పనివాళ్ళకూ, సరుకులు తెచ్చేవాళ్ళకూ యజమానులు డబ్బులపెట్టె ఇచ్చే రోజట. దసరా మామూళ్ళే.

నాలుగేళ్ళ కిందట మా తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ఒక అర్జీ తిరిగింది. దీపావళిని బ్యాంక్ హాలిడే చెయ్యాలని. ఇలాంటివి పార్లమెంటుకు చాలాసార్లు వెళ్ళాయి, ఈద్ కోసం కూడా వెళ్ళాయి. నేను సంతకం పెట్టలేదు. దానికి నాకు ఇంట్లోనే పడ్డాయి. "నీకు దేవుడంటే లెక్కలేదు, అమ్మవారి పూజ సాయంత్రం ఆరింటి తర్వాత హడావుడిగా చేసుకోవాల్సిన ఖర్మేంటి?" అన్నారు మా ఆయన. ఆ హడావుడి నాకూ తెలుసు. ఉగాది ఏ మంగళవారమో వస్తే మేం శనివారం దాకా ఆగి, అద్దెకు తీసుకున్న బడి హాలులో పచ్చడి పంచుకుంటాం. పంచాంగ శ్రవణం జరిగేసరికి కొత్త సంవత్సరానికి నాలుగు రోజుల వయసు. ఇది చిన్న బాధ కాదు.

అయినా ఎందుకు పెట్టలేదంటే, పేరున్న సెలవు ఏం చేస్తుందో నేను ఒక ఏడాది దగ్గరగా చూశాను. బెల్‌ఫాస్ట్‌లో ఒక చిన్న సంస్థ లెక్కలు అప్పుడు నా దగ్గరుండేవి. ఉత్తర ఐర్లండుకు ఎక్కువగా ఉన్న రెండు సెలవుల్లో ఒకటి మార్చి 17, సెయింట్ పాట్రిక్‌ది. రెండోది జూలై 12. 1690లో బోయిన్ నది దగ్గర ప్రొటెస్టెంటు రాజు విలియం కాథలిక్కు రాజు జేమ్సును ఓడించినదానికి గుర్తుగా జరిపే రోజు. ముందురాత్రి పెద్ద పెద్ద మంటలు, ఆ రోజు ఆరెంజ్ ఆర్డర్ అనే ప్రొటెస్టెంటు సంఘంవాళ్ళ ఢంకాల ఊరేగింపులు. ఆ సంస్థలో నాతో ఫోన్లో మాట్లాడే ఆమె జూన్ నుంచే లీవులు సర్దుకునేది. జూలై రెండోవారం పిల్లల్ని తీసుకుని సరిహద్దు దాటి డోనెగల్ వెళ్ళిపోతుంది. వాళ్ళ వీధిలో సగంమంది అదే చేస్తారట. "జీతంతో కూడిన సెలవే, కానీ నాకు ఊళ్ళో ఉండాలనిపించని సెలవు," అంది నవ్వుతూనే.

మనకు తెలియనిదేమీ కాదు. సెప్టెంబరు 17ను విమోచనమనాలా, విలీనమనాలా, సమైక్యతా దినమనాలా అని హైదరాబాదులో ఒకే రోజున రెండు ప్రభుత్వాలు రెండు పేర్లతో రెండు సభలు పెట్టడం 2022లో చూశాం. పేరు పెట్టగానే, ఎవరిది అన్న ప్రశ్న వెనకాలే వస్తుంది. దీపావళికి సెలవొస్తే ఈద్‌కెందుకు లేదని, రెండింటికీ ఇస్తే యూదుల యోమ్ కిప్పూర్ ఏం పాపం చేసిందని అడుగుతారు, అడగాలి కూడా. ఆ పంపకంలో మన వాటా కోసం కొట్లాడటం నాకిష్టం లేదు.

ఎవరిదీ కాని సోమవారాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. దీనికి నాకు తెలిసిన పెద్ద సాక్ష్యం నాటింగ్ హిల్ కార్నివాల్. 1958లో పశ్చిమ లండన్‌లో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి. మరుసటి జనవరిలో ట్రినిడాడ్‌లో పుట్టిన పాత్రికేయురాలు క్లాడియా జోన్స్, సెయింట్ పాంక్రస్ టౌన్ హాలు లోపల కరీబియన్ కార్నివాల్ జరిపింది. చలికాలం, నాలుగు గోడల మధ్య. 1966 నుంచి నాటింగ్ హిల్ వీధుల్లో మొదలైన వేడుక తర్వాత తర్వాత ఆగస్టు బ్యాంక్ హాలిడే ఆది, సోమవారాల్లో స్థిరపడింది. ఇప్పుడు లక్షలమంది వస్తారు. ఆ సోమవారం ముందే ఏ సెయింటుదో, ఏ యుద్ధానిదో అయి ఉంటే ఉక్కు డప్పులకు అంత చోటు దొరికేదా? దొరికేది కాదని నా నమ్మకం.

మన సాక్ష్యం చిన్నదే, అయినా చెప్తాను. బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్ బాలాజీ గుడికి బ్యాంక్ హాలిడే సోమవారం వెళ్ళి చూడండి. పార్కింగ్ దొరకదు. లెస్టర్ నుంచి, స్లౌ నుంచి, కార్డిఫ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు. ఏకాదశి కాదు, శ్రవణా నక్షత్రం కాదు, ఆ రోజున వేంకటేశ్వరస్వామికి ఏ విశేషమూ లేదు. అప్పులవాళ్ళకు ఒకరోజు గడువిచ్చిన రోజు. ఆ స్వామికే కుబేరుడి అప్పుందని తెలిసినవాళ్ళకు ఇందులో ఒక అందం కనిపించకపోదు. పులిహోర పొట్లం పట్టుకుని నిలబడి ఆ మాట మా ఆయనతో అంటే, అప్పుడు కూడా నవ్వలేదు.

దీపావళికి చట్టంలో చోటు లేదనడం కూడా సరి కాదు. 2004 టపాసుల నిబంధనల్లో ఉంది. రాత్రి పదకొండు దాటాక టపాసు కాల్చకూడదు. నవంబరు 5న అర్ధరాత్రి దాకా కాల్చవచ్చు. డిసెంబరు 31, చైనావాళ్ళ కొత్త సంవత్సరం, దీపావళి, ఈ మూడు రాత్రులూ ఒంటిగంట దాకా. సెలవివ్వలేదు గానీ, గై ఫాక్స్ కంటే నరకాసురుడికి ఒక గంట ఎక్కువిచ్చారు. నాకు ఇది చాలు. పండగను పండగలా చేసుకోనివ్వమని అడుగుతాను, రోజును నా పేర రాసిమ్మని అడగను.

అయితే నేను అడిగేది ఒకటుంది. ఆగస్టు ఆఖరి సోమవారం దాటితే మళ్ళీ క్రిస్మస్ దాకా ఏమీ లేదు. దాదాపు నాలుగు నెలలు. నాలుగింటికే చీకటి పడే రోజులు. కార్మిక సంఘాల సమాఖ్య ఇంకో నాలుగు సెలవులు కావాలని ఎప్పటినుంచో అంటోంది. నాకు ఒక్కటిస్తే చాలు. అక్టోబరు ఆఖరి సోమవారం, పేరు లేకుండా. కొన్నేళ్ళు దానికి దగ్గర్లో దీపావళి పడుతుంది, కొన్నేళ్ళు పడదు, పడకపోతే ఇంకెవరిదో పడుతుంది. అదీ పడకపోతే సోఫా కొనుక్కుంటారు.

రాజకుటుంబం పేర ఇచ్చే విడి సెలవుల గురించి ఎక్కువ చెప్పను. పెళ్ళికి, జూబిలీకి, పట్టాభిషేకానికి ఒక్కో రోజు. 2022 సెప్టెంబరు 19న రాణి అంత్యక్రియలకు సెలవని తొమ్మిది రోజుల ముందు తెలిసింది. ఆ వారం మా ఆఫీసులో దుఃఖపడే తీరిక ఎవరికీ లేదు. "మా ఒప్పందంలో ఎనిమిది బ్యాంక్ హాలిడేలని రాసుంది, ఇది తొమ్మిదోది, జీతం ఇస్తారా ఇవ్వరా?" అని ఒకటే ఫోన్లు. కొందరు యజమానులు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ళు చట్టం తప్పలేదు.

అసలు గొడవ ఇక్కడుంది. సోఫా ప్రకటనలను వెక్కిరించేవాళ్ళు దీన్ని పట్టించుకోరు. ఈ దేశంలో బ్యాంక్ హాలిడే రోజున సెలవు పొందే హక్కు చట్టప్రకారం ఎవరికీ లేదు. పనిచేస్తే ఎక్కువ జీతం ఇవ్వాలనీ లేదు. ఏడాదికి 5.6 వారాల జీతం సెలవు, అంటే వారానికి ఐదురోజులు చేసేవాళ్ళకు 28 రోజులు, ఇదొక్కటే హక్కు. 1998 నిబంధనల్లో అది నాలుగు వారాలే. బ్యాంక్ హాలిడేలను అందులోనే లెక్కేసేస్తున్నారని గోలచేస్తే 2009 నాటికి ఆ ఎనిమిది రోజులూ కలిపి 28 చేశారు. కలిపారు గానీ, ఆ ఎనిమిది రోజులే ఇవ్వాలని రాయలేదు. యజమాని బ్యాంక్ హాలిడేలన్నీ పనిచేయించుకుని 28 రోజులు వేరే ఎప్పుడైనా ఇవ్వవచ్చు. కేర్ హోమ్‌లో మంచం మీదున్న మనిషికి సోమవారమైనా అన్నం తినిపించాలి, అది నిజమే. కానీ దుకాణంలో సోఫా అమ్మే పిల్లకు ఆ సోమవారం ఎందుకు లేదు?

దాని మీద ఈస్టర్ తెచ్చే తిప్పలు ఇంకోటి. వసంత విషువత్తు తర్వాత వచ్చే పున్నమి, ఆ తర్వాతి ఆదివారం, ఇదీ ఈస్టర్ లెక్క. దృక్సిద్ధాంతమా, పూర్వపద్ధతా అని రెండు పంచాంగాల మధ్య నలిగినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 దాకా ఎక్కడైనా రావచ్చు. చాలా సంస్థల లీవుల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. అంటే ఒక్కో ఏడాదికి రెండు గుడ్ ఫ్రైడేలు పడతాయి, ఒక్కోదానికి ఒక్కటీ పడదు. 2023-24లో రెండు పడ్డాయి, పట్టాభిషేకంతో కలిపి మొత్తం పది సెలవులు. 2024-25లో ఏడే. "20 రోజులు, ప్లస్ బ్యాంక్ హాలిడేలు" అని రాసుకున్న ఒప్పందాలన్నీ ఆ ఏడాది 27కు పడిపోయాయి. చట్టం చెప్పింది 28. ఆ ఒక్కరోజు గురించి నేను ఎన్ని సంస్థలకు ఉత్తరాలు రాశానో! 2027-28లో ఆరే వస్తాయి, ఇప్పటినుంచే నా గోడ మీద రాసి పెట్టుకున్నాను.

దీనికి మందు ఎప్పుడో తయారైంది. 1928లోనే పార్లమెంటు ఈస్టర్ చట్టం చేసింది. ఏప్రిల్ రెండో శనివారం తర్వాతి ఆదివారం ఈస్టర్, ఖాయం. ఏటా 9కీ 15కీ మధ్య. కానీ చర్చిల అభిప్రాయం కూడా చూసుకుని అమల్లోకి తేవాలని అందులోనే రాశారు. దాదాపు వందేళ్ళయింది, ఇంకా అమల్లోకి రాలేదు. రద్దూ కాలేదు. దీపావళి అక్టోబరు 31నా నవంబరు 1నా అని 2024లో మనం కొట్టుకుంటున్నప్పుడు మా మేనేజరు నవ్వాడు. ఈ చట్టం సంగతి చెప్పాను. వినలేదట, ఇంగ్లండులోనే పుట్టి పెరిగినవాడు.

పోయిన నెలలో ఒక కేర్ హోమ్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మంగళ, బుధ, గురువారాలు పనిచేస్తుంది. సోమవారం చేసేవాళ్ళకు ఏటా ఖాయంగా నాలుగు సెలవులు, తనకు క్రిస్మస్, కొత్త సంవత్సరం తన రోజుల్లో పడితే పడ్డట్టు, ఇదేం న్యాయం అని. న్యాయమే అడిగింది. ఐదులో మూడు రోజులు గనక ఎనిమిదిలో ఐదింట మూడువంతుల లెక్కన 4.8 రోజులు ఆమెకు రావాలి, సోమవారంతో సంబంధం లేకుండా. వాళ్ళ యజమాని చాన్నాళ్ళుగా ఇవ్వలేదు. పాత బకాయితో సహా లెక్కగట్టి పంపాను.

"నాలుగు సరే, ఆ 0.8 రోజు ఏం చేసుకోవాలి?" అంది.

రోజుకు ఏడున్నర గంటల పని గనక అది ఆరు గంటల సెలవవుతుందని చెప్పాను. ఏదో ఒక గురువారం పొద్దున పనికి వెళ్ళనక్కర్లేదు, సాయంత్రం గంటన్నర ముఖం చూపించి వస్తే సరి. "గురువారం పొద్దున నేనేం చెయ్యను?" అని తనే గొణుక్కుని, తర్వాత గట్టిగా నవ్వి ఫోన్ పెట్టేసింది.

అమ్మ ఇప్పుడు తెనాలిలో తిరుపతి క్యాలెండరు మీద నా సోమవారాలు నాలుగూ పెన్సిలుతో చుట్టిపెట్టుకుంటుంది. మే ఆఖరిదాని ముందురోజు ఫోన్ చేసి కుంకుడుకాయలు అక్కడ దొరుకుతాయా అని అడిగింది. పొడి దొరుకుతుందమ్మా అన్నాను.